ఆమ్నీ వెనక డ్రమ్ములు ఊడి రావడం లేదా? ముందు చేత్తో తిప్పి చూడండి

ప్రశ్న: చిత్తూరు పక్క పల్లె మాది. 2007 మోడల్ మారుతి ఆమ్నీ నడుపుతున్నాను. సీజన్‌లో మామిడికాయలు బంగారుపాళెం మండీకి తోలతాను, మిగతా రోజుల్లో పలమనేరు నుంచి టమోటా, కూరగాయలు తెస్తాను. పోయిన కార్తీకమాసం వానల్లో హ్యాండ్ బ్రేక్ వేసి చింతచెట్టు కింద పెట్టిన బండి నాలుగు నెలలు కదల్లేదు. ఇప్పుడు వెనక బ్రేకులు చూపిద్దామంటే రెండు డ్రమ్ములూ రావడం లేదు. ఎడమ పక్కది అసలు తిరగదు. కుడి పక్కది తిరుగుతుంది గానీ రెండు మూడు మిల్లీమీటర్లు బయటికొచ్చి ఆగిపోతుంది. మెకానిక్ కుర్రోడు గుండు సుత్తితో నాలుగు దెబ్బలేస్తే అంచు దగ్గర పెచ్చు లేచింది. గ్యాస్ మంట పెడితే వచ్చేస్తుందని ఒకరు, పగలగొట్టి కొత్తవి వేసుకోమని ఇంకొకరు అంటున్నారు. ఏం చెయ్యమంటారు?

జవాబు: గ్యాస్ మంట వద్దు. పగలగొట్టడం ఆఖరి మాట, అందాకా పోయే అవసరం మీకు రాకపోవచ్చు. ఎందుకంటే అసలు సంగతి మీ ఉత్తరంలోనే ఉంది. ఒక డ్రమ్ము తిరగడం లేదు, రెండోది తిరుగుతోంది గానీ రావడం లేదు. రెండింటికీ పైకి కనిపించే బాధ ఒకటే, లోపలి జబ్బులు వేరు. మీ కుర్రోడు రెండింటికీ సుత్తి మందే వేశాడు.

డ్రమ్మును పట్టుకునే చోట్లు మూడే. మొదటిది నడిమధ్య. డ్రమ్ము రంధ్రం ఇరుసు చివరి గుండ్రటి బిళ్ల మీద, అంటే యాక్సిల్ ఫ్లాంజ్ మీద, బిగుతుగా టోపీలా కూర్చుంటుంది, ఆ సందులో తుప్పు చేరితే రెండూ ఒకే ముక్కైపోతాయి. రెండోది లోపలి అంచు. బ్రేకు తొక్కితే విచ్చుకుని డ్రమ్మును లోపల నుంచి అదిమే వంపు ముక్కలే షూలు. ఏళ్ల తరబడి అవి రాసుకుని డ్రమ్ము లోపల గాడి పడుతుంది, షూ తగలని అంచు మాత్రం అరగకుండా గట్టులా మిగిలిపోతుంది. షూలు అడ్జస్ట్ అయ్యేకొద్దీ ఆ గాడిలోకి పోయి కూర్చుంటాయి. మూతి ఇరుకు కుండలో పిడికిలి బిగించి చెయ్యి బయటికి లాగినట్టు, గట్టు వచ్చి షూ అంచుకు తగులుకుని ఆగుతుంది. మూడోది షూలే డ్రమ్మును గట్టిగా పట్టుకోవడం. హ్యాండ్ బ్రేక్ కేబుల్ పట్టేయడం, ఆయిల్ ఒత్తిడితో షూలను తోసే వీల్ సిలిండర్ జామ్ కావడం, షూ మీద అంటించిన రాపిడి పొర, అంటే లైనరు, డ్రమ్ముకు తుప్పుతో అతుక్కోవడం, అన్నీ ఈ మూడో రకమే.

చేత్తో తిప్పి చూస్తే ఏ చోటో దాదాపు తెలిసిపోతుంది. ధారాళంగా తిరుగుతూ ఒక్క వెంట్రుకవాసి కూడా బయటికి రాకపోతే నడిమధ్య తుప్పు. రెండు మూడు మిల్లీమీటర్లు వచ్చి, స్ప్రింగు లాగినట్టు వెనక్కి పోతుంటే లోపలి గట్టు. మీ కుడి చక్రం ఇదే. తిరగనే తిరగకపోతే షూలు పట్టుకున్నాయి, మీ ఎడమ చక్రం.

ఇక్కడొక మోసం ఉంది. ఆమ్నీ వెనక చక్రాలతో నడిచే బండి. గేరులో పెట్టి, వెనక రెండు చక్రాలూ పైకెత్తి చూస్తే, ఒక చక్రం తిప్పినప్పుడు రెండోది ఎదురు దిక్కుకు తిరగాలి. ఆ రెండోది పట్టేసి ఉంటే బాగున్న చక్రం కూడా తిరగదు. ఒక్క చక్రమే ఎత్తి బండిని గేరులో ఉంచినా అంతే, అది కదలదు. కాబట్టి న్యూట్రల్‌లో పెట్టి, హ్యాండ్ బ్రేక్ దించి, అప్పుడు తిప్పి చూడండి. అలా చూశాక కూడా ఎడమది తిరగకపోతేనే అది పట్టేసినట్టు లెక్క.

న్యూట్రల్‌లో, హ్యాండ్ బ్రేక్ లేకుండా, వెనక చక్రాలు గాల్లో ఉన్న బండిని ఆపేది ముందు చక్రాలకు పెట్టిన అడ్డాలు మాత్రమే. ముందు చక్రాలు రెండింటికీ, ముందూ వెనకా, మొత్తం నాలుగు కొయ్య దిమ్మెలు పెట్టండి. రాళ్లు జారతాయి, ఇటుకలు నలిగిపోతాయి. జాకీ ఎత్తడానికి మాత్రమే. ఎత్తాక యాక్సిల్ హౌసింగ్ కింద, కమాన్ కట్టలు బిగించిన చోటుకు దగ్గరగా, రెండు స్టాండ్లు పెట్టి బరువు వాటి మీదికి దించండి. మట్టి నేలైతే స్టాండు కాళ్ల కింద మందపాటి పలక వేయండి. సుత్తి దెబ్బలకు బండి ఊగుతుంది, ఊగినప్పుడే జాకీ జారుతుంది. వీల్ నట్లు మాత్రం చక్రం నేల మీద ఉండగానే కొంచెం వదులు చేసి పెట్టుకోండి.

ఇంకో మాట. కొందరు మెకానిక్‌లు మారుతి 800 అలవాటుతో ఆమ్నీకి కూడా మధ్యలో పెద్ద నట్టు కోసం వెతుకుతారు. 800 వెనక డ్రమ్ములోనే బేరింగులు ఉంటాయి, మధ్య నట్టు తీస్తే డ్రమ్ము వస్తుంది. ఆమ్నీకి అలాంటి నట్టు లేదు. చక్రం తీశాక డ్రమ్ము, వీల్ నట్లు ఎక్కే స్టడ్ల మీద నుంచి నేరుగా జారి రావాలి. ముఖం మీద చిన్న స్క్రూ ఏదైనా తుప్పు కింద దాగి ఉందేమో వైర్ బ్రష్‌తో రుద్ది చూసుకోండి, ఉంటే ముందు దాన్ని తీయాలి.

ముందు సులువైన కుడి చక్రం పట్టండి. దీనికి సుత్తి పని దాదాపు లేదు. షూలను లోపలికి ముడుచుకునేలా చేయడమే పని. బండి కిందికి దూరి హ్యాండ్ బ్రేక్ కేబుల్ సర్దే నట్టును, లాక్ నట్టుతో సహా, పూర్తిగా వదులు చేయండి. డ్రమ్ము వెనక ప్లేటు దగ్గర కేబుల్ లాగే చిన్న లీవరు చేత్తో ముందుకు వెనక్కి ఆడాలి. ఆడకపోతే కేబుల్ పట్టేసినట్టే, దాన్ని లీవరు నుంచి తప్పించండి.

తరువాత వెనక ప్లేటు మీద రబ్బరు బిరడా కోసం చూడండి. బురద గట్టిపడి కనబడకపోతే పాత స్క్రూడ్రైవరుతో గీకండి. బిరడా తీసి టార్చి వేస్తే లోపల ఉన్నది ఏ రకం అడ్జస్టరో కనబడుతుంది. పళ్ల చక్రం కనిపిస్తే, బద్ద స్క్రూడ్రైవరు మొనతో ఒక్కో పన్ను చొప్పున తిప్పాలి. ఏ దిక్కుకో మొదట తెలియదు. నాలుగు పళ్లు తిప్పి డ్రమ్మును చేత్తో తిప్పండి. రాపిడి పెరిగితే తప్పు దిక్కు, ఎదురుగా తిప్పండి. దానంతటది సర్దుకునే రకమైతే పళ్లకు ఆనుకుని ఒక సన్నని నాలుక ఉంటుంది, దాన్ని ఇంకో సన్న కడ్డీతో పక్కకు నెట్టి పట్టుకోకపోతే చక్రం వెనక్కి తిరగదు. బలవంతాన తిప్పితే పళ్లు గుండ్రంగా అరిగి, తరువాత సర్దుకోవడమే మానేస్తుంది. పది పదిహేను పళ్లు వెనక్కి తిప్పితే చాలామటుకు డ్రమ్ము గట్టు దాటుతుంది. పళ్ల చక్రం కాక మెట్లు మెట్లుగా జారే పట్టీ రకం కనిపిస్తే, ఆ రంధ్రంలోంచి స్క్రూడ్రైవరు పెట్టి హ్యాండ్ బ్రేక్ లీవరు ఆని ఆగే చోటు నుంచి తప్పించాలి. అప్పుడు లీవరు ఇంకాస్త వెనక్కి పోయి, షూలు ఇంకాస్త దగ్గరికి వస్తాయి. గట్టు దాటడానికి ఆ కాస్తే కావాలి.

అప్పుడు డ్రమ్మును రెండు చేతులతో ఎదురెదురుగా పట్టుకుని, కొంచెం తిప్పుతూ, కొంచెం ఊపుతూ, సమంగా లాగండి. ఒక పక్కే లాగితే వంకరగా బిగుసుకుంటుంది. బయటికి రెండు మిల్లీమీటర్లు వచ్చి ఆగితే మళ్లీ లోపలికి నెట్టి, పావు తిప్పు తిప్పి, మళ్లీ లాగాలి. స్క్రూడ్రైవరును డ్రమ్ముకూ వెనక ప్లేటుకూ మధ్య దూర్చి తన్నడం మాత్రం వద్దు. ఆ ప్లేటు రేకు. వంగితే షూలు వంకరగా నిలబడి, డ్రమ్ము వచ్చినా బ్రేకు జీవితాంతం కీచుమంటుంది.

ఇక ఎడమ చక్రం. షూలను ఏది బిగించి పెట్టిందో వరుసగా తేల్చుకోవాలి. కేబుల్ నట్టు పూర్తిగా వదులు చేశాక కూడా వెనక ప్లేటు దగ్గరి లీవరు లాగిన చోటే ఉండిపోతే, కేబుల్ తన తొడుగు లోపల తుప్పు పట్టి ఇరుక్కుంది. మీరు హ్యాండ్ బ్రేక్ వేసి నాలుగు నెలలు వదిలేశామని రాశారు కాబట్టి మొదటి అనుమానం దీని మీదే. కేబుల్‌ను లీవరు నుంచి తప్పించండి, తప్పకపోతే కట్టర్‌తో కోసేయండి. అలా పట్టేసిన కేబుల్‌లో నూనె పోసి మళ్లీ వాడుకుందామనుకోవద్దు. ఇప్పుడు ఆడినా వచ్చే వానలకు మళ్లీ పట్టేస్తుంది, అదీ లోడు మీద, రోడ్డు మీద. కొత్తదే వేయండి. ఆమ్నీ తయారీ 2019లో ఆగిపోయినా షూలు, సిలిండర్లు, కేబుళ్లు ఇప్పటికీ స్పేర్ పార్ట్స్ షాపుల్లో మామూలుగా దొరుకుతున్నాయి.

లీవరు వదులైనా చక్రం తిరగకపోతే, వీల్ సిలిండర్ వెనక ఉన్న ఎయిర్ తీసే నిపుల్ తెరిచి చూడండి. ముందు దాని చుట్టూ తుప్పు వదిలే స్ప్రే కొట్టి అరగంట ఆగండి. తెరిచిన మూతి పానా కాకుండా, సరిగ్గా కూర్చునే రింగు పానా వాడండి. నిపుల్ సన్నది, బోలుది, జారితే తల గుండ్రమైపోతుంది, గట్టిగా తిప్పితే విరిగి సిలిండర్‌లో ఉండిపోతుంది. తెరవగానే బ్రేక్ ఆయిల్ చిమ్మి, చక్రం వదులైతే, ఒత్తిడి వెనక్కి పోలేక లైనులో నిలిచిపోయింది. లోపల వాచిపోయిన రబ్బరు హోసు చేసే పని అది, దాన్ని మార్చాలి. ఆయిల్ చుక్క చుక్కగా కారి, చక్రం కదలకపోతే, పిస్టన్ జామ్ అయి ఉండాలి, లేకపోతే లైనరు డ్రమ్ముకు అతుక్కుని ఉండాలి.

నాలుగు నెలలు వానల్లో నిలబడ్డ బండికి లైనరు అతుక్కోవడం మామూలే. డ్రమ్ము పోత ఇనుము, ఒక్క రాత్రి వానకే లోపల ఎర్రగా తుప్పు పడుతుంది. హ్యాండ్ బ్రేక్ వేసి ఉంటే లైనరు ఆ తుప్పుకు అదిమిపెట్టుకునే ఉంటుంది. దీన్ని విడదీయడానికి చక్రాన్నే వాడుకోండి. చక్రం మళ్లీ ఎక్కించి, నట్లు బిగించి, టైరును రెండు చేతులతో పట్టి ముందుకు వెనక్కి ఊపండి. ఉత్త డ్రమ్ము పట్టుకుంటే రాని బలం టైరు పట్టుకుంటే వస్తుంది. ఊపుతుండగా ఇంకొకరు వెనక నుంచి డ్రమ్ము చుట్టూ కొయ్య ముక్క ఆనించి కిలో సుత్తితో చిన్న చిన్న దెబ్బలు వేయాలి. టప్పుమని శబ్దం వచ్చి వదులుతుంది. అలా రాకపోతే బండి కిందికి దించి, అడ్డాలు తీసి, మొదటి గేరులో మెల్లగా క్లచ్ వదిలి ఒకసారి, రివర్స్‌లో ఒకసారి కదిలించి చూడండి. రెండు మూడుసార్లకు మించి వద్దు. క్లచ్ ఒక్కసారిగా వదిలి ఉరికిస్తే లైనరు కంటే ముందు క్లచ్చో యాక్సిలో పోతుంది. ట్రాక్టరుకు తాడు కట్టి లాగించే వాళ్లూ ఉన్నారు. వద్దు, చక్రం తిరగకుండా ఈడ్చుకుంటూ పోయి టైరు ఒకే చోట అరుగుతుంది.

చక్రం వదిలాక తిరుగుతూ లోపల గరగరమంటుంటే, లైనరు షూ ఇనుము మీద నుంచి ఊడి ముక్కగా తిరుగుతోందని అర్థం. అలాంటప్పుడు బండి ఒక్క అడుగు కూడా నడపకుండా డ్రమ్ము తీయడమే.

ఇంత చేశాక ఎడమ డ్రమ్ము తిరుగుతుంది, కానీ ఊడి వస్తుందన్న నమ్మకం లేదు. అక్కడ ఎక్కువగా నడిమధ్య తుప్పు కూడా ఉంటుంది. దీనికి అసలు మందు డ్రమ్ము మీదే ఉంది. ముఖం మీద స్టడ్లు కాకుండా రెండు చిన్న రంధ్రాలు ఎదురెదురుగా ఉంటాయి, మట్టితో మూసుకుపోయి చాలామందికి కనబడవు. వాటిలో మర ఉంటుంది. 8 మిల్లీమీటర్ల బోల్టు, 1.25 పిచ్. హార్డ్‌వేర్ షాపులో ఎం8 అని అడగండి, 40 మిల్లీమీటర్ల పొడవు, తల దాకా మర ఉన్నవి రెండు, తల మీద 8.8 అని గుర్తు ఉన్నవి. మామూలు మెత్తటి బోల్టు ఇక్కడ మెలితిరుగుతుంది. బోల్టును బట్టి 12 గానీ 13 గానీ పానా పడుతుంది.

బోల్టు పెట్టే ముందు రంధ్రంలో మట్టి మేకుతో తీసి, స్ప్రే కొట్టి, దొరికితే మర శుభ్రం చేసే ఎం8 ట్యాప్ ఒకసారి నడపండి. మట్టితో ఉన్న మరలో బోల్టు బలవంతాన తిప్పితే పోత ఇనుము మర తేలిగ్గా చెడిపోతుంది. ఆ తరువాత తుప్పు వదిలే స్ప్రే, డబ్ల్యూడీ-40 గానీ అలాంటిదేదైనా గానీ, సన్న గొట్టం తగిలించి డ్రమ్ము మధ్య రంధ్రం చుట్టూ ఉన్న గీతలోకీ, నాలుగు స్టడ్ల మొదళ్లలోకీ కొట్టండి. ఒక్కో చోట రెండు మూడు సెకన్లు చాలు. కారేలా కొడితే లోపలికి పోయి లైనరు తడుస్తుంది. ఇరవై నిమిషాలకొకసారి మూడు దఫాలు, వీలైతే సాయంత్రం కొట్టి పొద్దున చేయడం మేలు. డీజిల్, కిరసనాయిలు రుద్దితే కూడా వస్తుందంటారు. వస్తుందేమో గానీ బ్రేకు దగ్గర అవి కారి నిలిచిపోతాయి, ఆ పని మెచ్చదగింది కాదు.

ఇప్పుడు బోల్టులు. రెండూ చేత్తో తగిలేదాకా బిగించి, తరువాత పానాతో ఒకదానికి అర తిప్పు, రెండోదానికి అర తిప్పు. బోల్టు మొన లోపల ఫ్లాంజ్ ముఖం మీద ఆని డ్రమ్మును బయటికి తోస్తుంది. బోల్టు మొన ఫ్లాంజ్‌లో ఏదైనా రంధ్రం ఎదురుగా వస్తే ఆనకుండా లోపలికి పోతూనే ఉంటుంది, అలాంటప్పుడు ఆపి చూసుకోండి. పానా గట్టిపడ్డాక ఇంకా తిప్పొద్దు. అక్కడ ఆగి డ్రమ్ము ముఖం మీద, స్టడ్లకు స్టడ్లకు మధ్య, ఇత్తడి ముక్క గానీ గట్టి కొయ్య గానీ ఆనించి కిలో సుత్తితో నాలుగు చోట్లా ఒక్కో దెబ్బ వేయండి. బోల్టు లాగి పెట్టిన బిగువుకు ఆ అదురు తోడైతే తుప్పు పగులుతుంది. మళ్లీ పావు తిప్పు, మళ్లీ దెబ్బలు. సుత్తితో గట్టిగా కొట్టదగిన చోటు ఇదొక్కటే. అంచు మీద కొడితే పోత ఇనుము పెచ్చు లేస్తుంది, మీకు అనుభవమైంది. స్టడ్డు మీద కొడితే మర నలిగి నట్టు ఎక్కదు. దెబ్బ జారే భయం ఉంటే ప్రతి స్టడ్డుకూ ఒక నట్టు చివర దాకా ఎక్కించి ఉంచండి. డ్రమ్ము ఒక్కసారిగా ఎగిరి కాలి మీద పడకుండా కూడా అది కాపాడుతుంది.

మూడు కాళ్ల పుల్లర్ తెచ్చి అంచులు పట్టి లాగుతామంటారు కొందరు. ఆ కాళ్లు పట్టుకునేది అంచునే, మీ కుడి డ్రమ్ముకు పెచ్చు లేచిందీ ఆ అంచే. బోల్టులు పనిచేయనప్పుడు ఆలోచించండి, అప్పుడు కూడా మెల్లగా.

మంట ఎందుకు వద్దన్నామో చెప్పాలి. వేడికి డ్రమ్ము వ్యాకోచించి వస్తుందన్నది నిజమే. కానీ నాలుగు వేళ్ల దూరంలో వీల్ సిలిండర్ రబ్బరు కప్పులు ఉంటాయి, మధ్యలో యాక్సిల్ ఆయిల్ సీలు ఉంటుంది. గ్యాస్ కటింగ్ మంట వాటిని బయటికి తెలియకుండానే కాల్చేస్తుంది, ఆయిల్ కారడం వారం తరువాత మొదలవుతుంది. బ్రేక్ ఆయిల్ అంటుకుంటుంది, పైన కొట్టిన స్ప్రే అంతకంటే తొందరగా అంటుకుంటుంది.

అన్నీ చేసినా రాకపోతే ఇంకో దారి ఉంది, చాలా షాపుల్లో దీన్ని మరిచిపోతారు. వెనక ప్లేటు మీద ఒక్కో షూకు ఒక్కో చిన్న పిన్ను తల కనిపిస్తుంది, షూను ప్లేటుకు ఆనించి పట్టే స్ప్రింగు పిన్ను అది. ఆ తలలు ఉలితో కొట్టేసినా, సన్నగా గ్రైండ్ చేసినా, షూలు ప్లేటును వదిలేసి డ్రమ్ముతో పాటే బయటికి వస్తాయి. పోయేది రెండు పిన్నులు, స్ప్రింగులు. షూలు ఎలాగూ మార్చేవే. డ్రమ్మును గ్రైండర్‌తో కోసి ఉలితో చీల్చడం దీని తరువాతి మాట, కొత్త డ్రమ్ము చేతిలో ఉన్నప్పుడే.

డ్రమ్ము వచ్చాక లోపలి దుమ్మును కంప్రెసర్ గాలితో ఊదొద్దు. పాత లైనర్లలో ఆస్బెస్టాస్ ఉండే అవకాశం ఉంది, ఆ దుమ్ము ఊపిరితిత్తుల్లోకి పోతే తిరిగి రాదు. ముక్కుకు మాస్కు, సబ్బు నీళ్లు స్ప్రే చేసి తడిపి, గుడ్డతో తుడిచి, ఆ గుడ్డ కవర్లో కట్టి పారేయండి.

పెచ్చు లేచిన కుడి డ్రమ్మును ఇలా చూడండి. శుభ్రంగా తుడిచి, మధ్య రంధ్రంలో తాడు వేసి వేలాడదీసి, చిన్న పానాతో తట్టండి. ఖంగుమని మోగి, ఆ నాదం కాసేపు నిలిస్తే పగులు లేదు. పగిలిన కుండలా బొంగురుగా మోగితే, పైకి గీత కనబడకపోయినా పారేయండి. పెచ్చు అంచు వరకే ఉండి, షూ రాసుకునే తలానికి చేరకపోతే నడపవచ్చు, కానీ ఆ చోట బురద నీళ్లు తేలిగ్గా దూరతాయి. టమోటా లోడు తోలే బండికి మేమైతే రెండు డ్రమ్ములూ మార్చేయమంటాం. పాతవి ఉంచుకోవాలంటే గట్టును లేత్ మీద తీయించాలి. ఎంత వరకు తీయవచ్చో డ్రమ్ము మీదే గరిష్ఠ వ్యాసం పోత పోసి ఉంటుంది. లేత్ పట్టించాక కొలిచి, ఆ అంకె దాటితే పనికిరాదు. రెండు పక్కలా సమానంగా తీయించాలి, లేకపోతే బ్రేకు ఒక పక్కకు లాగుతుంది.

షూలు నాలుగూ కలిపి మార్చండి, ఒక్క చక్రానికే మార్చడం వద్దు. వీల్ సిలిండర్ రబ్బరు తొడుగు అంచును వేలితో ఎత్తి చూడండి. లోపల తడిగా ఉంటే సిలిండర్ మార్చాలి, ఎడమదానికి పిస్టన్ పట్టేసి ఉంటే తడి లేకపోయినా మార్చాలి. తడి ఎక్కడిదో కూడా చూసుకోండి. పల్చగా ఉండి నీళ్లతో కడిగితే పోయేది బ్రేక్ ఆయిల్. చిక్కగా, నల్లగా, గంధకం వాసన కొడుతుంటే అది వెనక హౌసింగ్ నుంచి వచ్చిన 90 నంబరు ఆయిల్, యాక్సిల్ సీలు పోయింది. ఆ సీలు మార్చకుండా కొత్త షూలు వేస్తే నెల తిరగకుండానే అవీ తడిసిపోతాయి.

తిరిగి బిగించే ముందు ఫ్లాంజ్ మధ్య గుండ్రాన్నీ, డ్రమ్ము రంధ్రాన్నీ వైర్ బ్రష్, 120 నంబరు ఎమరీ పేపర్‌తో మెరిసేదాకా రుద్దండి. అక్కడ వేడికి కరగని కాపర్ గ్రీజు వేలి కొసతో సన్నగా రాయండి, శెనగగింజంత చాలు. ఇది రాస్తే వచ్చేసారి డ్రమ్ము చేత్తోనే వస్తుంది. వెనక ప్లేటు మీద షూ అంచు రాసుకునే ఎత్తు చోట్లు ఉంటాయి, వాటి మీదా చుక్క చుక్క. అక్కడ గాడి పడి ఉంటే ఆకురాయితో చదును చేయాలి, షూ ఆ గాడిలో చిక్కుకుని వెనక్కి రాకపోవడం కూడా బ్రేకు పట్టేయడానికి ఒక కారణమే. గ్రీజు లైనరుకు తగలకూడదు. చేతులు కడుక్కున్నాకే లైనరు ముట్టుకోండి.

డ్రమ్ములు ఎక్కించాక పెడల్‌ను చాలాసార్లు గట్టిగా తొక్కి షూలు సర్దుకోనివ్వండి. పళ్ల చక్రం రకమైతే చేత్తో తిప్పితే సన్నగా రాసుకునేదాకా బిగించి, రాపిడి ఆగేదాకా ఒకటి రెండు పళ్లు వెనక్కి తీయాలి. హ్యాండ్ బ్రేక్ కేబుల్ ఆ తరువాతే సర్దాలి. ముందే బిగిస్తే షూలు ఎప్పుడూ సగం తెరుచుకునే ఉంటాయి. లీవరు నాలుగు నుంచి ఎనిమిది క్లిక్కుల్లో గట్టిపడి, దించగానే రెండు చక్రాలూ ఒకేలా ఆడితే సరి. సిలిండర్ గానీ నిపుల్ గానీ కదిలించి ఉంటే ఎయిర్ తీయాలి. మాస్టర్ సిలిండర్‌కు దూరంగా ఉన్న ఎడమ వెనక చక్రంతో మొదలుపెట్టండి. రిజర్వాయర్ మూత మీద రాసిన ఆయిలే పోయండి, మామూలుగా డాట్ 3 ఉంటుంది. సీలు తీసి నెలల తరబడి షెల్ఫులో ఉన్న డబ్బా వద్దు, బ్రేక్ ఆయిల్ గాల్లోని తేమ పీల్చుకుంటుంది.

కొత్త షూలతో మొదటి రోజే పలమనేరు వెళ్లొద్దు. చిత్తూరు చుట్టూ ఖాళీ రోడ్డులో నలభై వేగం నుంచి మెల్లగా పది పన్నెండుసార్లు ఆపండి, మధ్యలో అర కిలోమీటరు నడిపి చల్లారనివ్వండి. తరువాత ఐదారు కిలోమీటర్లు బ్రేకు వాడకుండా నడిపి ఆపి, వెనక డ్రమ్ముల మీద నాలుగు నీటి చుక్కలు వేయండి. ఒకటి చురచురమని, ఇంకొకటి చల్లగా ఉంటే వేడిగా ఉన్నది ఇంకా పట్టుకుంటోంది. ఇది తేల్చుకోకుండా లోడుతో మొగిలి ఘాట్ దిగొద్దు. ఎత్తు దిగేటప్పుడు రెండో గేరులోనే రావాలి, డ్రమ్ము బ్రేకు వేడెక్కాక ఎంత తొక్కినా పట్టదు. తిరుమల పోయి 1944 నాటి పాత ఘాట్ రోడ్డులో దిగినా ఇదే లెక్క.

మన దగ్గర పెద్ద వానలు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా పడతాయి. ఆ నెలల్లో బండి నాలుగు రోజులకు మించి నిలబెట్టాల్సి వస్తే హ్యాండ్ బ్రేక్ వేయొద్దు. చదునైన చోట మొదటి గేరులో పెట్టి, చక్రాలకు కొయ్య దిమ్మెలు ఆనించండి. వారానికోసారి స్టార్ట్ చేసి ఇంటి ముందు పది గజాలు ముందుకు, పది గజాలు వెనక్కి నడిపి, బ్రేకు నాలుగుసార్లు తొక్కండి. పని పూర్తయ్యాక మొదటి వంద కిలోమీటర్లకు వీల్ నట్లు మళ్లీ ఒకసారి బిగించి చూసుకోండి, తుప్పు రుద్దేసిన చోట అవి కొంచెం వదులు కావడం మామూలే.